చౌడు తేలిన మెట్ట

గెడ్డపేట,
11 ఫిబ్రవరి 2024

వదినకు ఈశ్వరి నమస్కారాలు.

అందరం కులాసా అని మొదలుపెట్టడం అలవాటు గాని, ఈసారి చేతులు రావడం లేదు. మనుషులం బాగానే ఉన్నాం. చేను బాగా లేదు.

మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు గరగర తప్ప నాకేమీ వినపడలేదు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే అందుతుంది. మా ఆయన స్పీకర్ పెట్టి, మీరన్న ప్రతి మాటా మళ్లీ నాకు అరిచి చెబుతుంటే వీధి అరుగుల మీద వాళ్లంతా విని నవ్వుకున్నారు. అందుకే కాగితం పట్టుకున్నాను. మీరూ కాగితం మీదే రాయండి.

మొక్కజొన్న మోకాలెత్తు వచ్చి ఆగిపోయింది. ఆకుల అంచులు నిప్పు సెగ తగిలినట్టు మాడుతున్నాయి. చేనంతా ఒకలా ఉన్నా ఓర్చుకుందును. ఇక్కడ పచ్చగా ఉంటుంది, నాలుగడుగులు వేస్తే బోడి. ఆ బోడి చోట నేల మీద తెల్లటి పొర కట్టింది. ఎండిన చీమిడిలా ఉంటుంది, అలా రాసినందుకు ఏమీ అనుకోకండి, చూస్తే మీరూ అదే అంటారు. కాలు పెడితే పైన కరకర, కింద జిగురు. గాలి తోలితే ఆ పొడి పెదాల మీద పడుతుంది. ఇంటికొచ్చి నాలుగుసార్లు పుక్కిలించినా ఆ రుచి పోదు. పొలం నుంచి వచ్చిన మనిషికి అన్నం సహించకపోవడం నా జన్మలో ఇప్పుడే చూస్తున్నాను.

నీళ్లు చాలక అలా అవుతోందని మా ఆయన అంటున్నారు. కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆపడం లేదు. మన చేలో మిగిలిన నీరు పక్కనున్న దాలమ్మ ముక్కకు వదులుతున్నాం. మొగుడు పోయిన మనిషి, ఉన్నది ముప్ఫై సెంట్లు. రమేష్‌బాబు అన్నయ్య బోరు వేయించిన రోజునే "దాలమ్మకి కూడా తడుపు ఇవ్వే ఈశ్వరీ, పున్నెం వస్తాది" అన్నాడు. ఆ మాట నేను తప్పలేదు.

అసలు సంగతికి వస్తాను. ఈ మోటారు చాలదు, పెద్దది వేయాలి. బోరు మీ అర ఎకరంలో ఉంది, మీటరు ఇంకా అన్నయ్య పేరునే ఉంది. మీరు సంతకం చేస్తే గాని కరెంటు ఆఫీసువాళ్లు ఒప్పుకోరట. దరఖాస్తు ఇందులో పెట్టాను. గుర్తు పెట్టిన చోట సంతకం చేసి పంపండి.

పంపు షెడ్డు మీద అన్నయ్య ఫ్లెక్సీ వెలిసిపోతే ఊరివాళ్లు కొత్తది కట్టారు. ‘జలదాత’ అని పెద్ద అక్షరాలు. మొన్న దాని కింద నిలబడి కాసేపు ఏడ్చాను. పోయి మూడేళ్లు కావస్తున్నా ఊరు మరిచిపోలేదు వదినా.

మీ మరదలు
ఈశ్వరి


గజపతినగరం,
20 ఫిబ్రవరి 2024

ఈశ్వరికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నీ దస్తూరీ చూసి సంతోషం వేసింది, లోపల రాసింది చదివాక అది లేదు.

నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. మా వీధి కాలువ పూడిపోయి నెల్లాళ్లు. మురుగు గుమ్మం దాకా వచ్చి నిలబడుతోంది. తలుపు తీస్తే వాంతి వచ్చే వాసన. పంచాయతీకి చెబితే రేపంటారు. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని పూజ చేసుకుంటున్నాను.

సంతకం సంగతి. ఇప్పుడు వద్దు. పెద్ద మోటారు వద్దు, చిన్న మోటారు కూడా ఆపండి. ఈ పంట పోతే పోనీ. నేలను ఒక ఏడాది ఎండనివ్వు. వానకు ఏం పండితే అది పండుతుంది. మీ నాన్నగారి రోజుల్లో ఆ మెట్ట మీద చోడి, ఉలవ, గోగు తప్ప ఏమున్నాయి. ఎవరూ ఆకలితో పోలేదు.

దాలమ్మ ముక్కకు మాత్రం నీళ్లు వదలకు. ఎందుకని అడగకు. పెద్దదాన్ని చెబుతున్నాను, విను.

మీ ఆయన అప్పలసూరి అన్నయ్యను అడిగానని చెప్పు.

సుహాసిని


గెడ్డపేట,
3 మార్చి 2024

వదినకు,

ఎందుకని అడగవద్దన్నారు. అడగనక్కర లేకుండానే తెలిసిపోయింది.

మీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజున రొయ్యల చెరువుల బ్రోకరు మా ఇంటికొచ్చాడు. భావనపాడు వైపు చెరువులన్నీ నిండిపోయాయట, ఇప్పుడు ఇటు తవ్వుతున్నారట. "ఉప్పుదేలిన బూమయితే మాకు ఇంకా మంచిదమ్మా, మీకెలాగూ పనికిరాదు గదా" అన్నాడు. నోట్లో గుట్కా, అరుగు మీద ఉమ్మి. గడప దాటనివ్వలేదు. నీళ్లు పోసి అరుగు కడుక్కున్నాను.

మర్నాడే మీ గిరిబాబు వచ్చాడు. మా ఇంటికి కాదు, తిన్నగా పొలానికి. మేనత్త ఇల్లు దాటుకుని దొంగలా వెళ్లాడు. నేను వెళ్లేసరికి పంపు దగ్గర గొంతుక్కూర్చుని సీసాల్లో నీళ్లు పడుతున్నాడు. పక్కన ప్లాస్టిక్ సంచుల్లో మన మట్టి. మోటారు ఫొటోలు తీశాడని దాలమ్మ చెప్పింది.

"ఏటిరా గిరీ ఇది?" అన్నాను.

"ఏం లేదత్తా. అమ్మ తెమ్మన్నాది."

"మీ అమ్మకి గజపతినగరంలో మట్టి దొరకలేదేటి?"

వాడు సీసాకు మూత బిగించుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ల వాడు, పెళ్లయిన వాడు. నా చేతిలో కర్ర ఉంది, ఎత్తాను. కొట్టలేదు లెండి. సీసాలు పట్టుకుని బండెక్కి పోయాడు. కాస్త మజ్జిగ కూడా తాగలేదు.

మీరు సంతకం ఎందుకు పెట్టరో, చేను ఎందుకు ఎండబెట్టమన్నారో నాకిప్పుడు అర్థమైంది. ఎండబెట్టి, పంట లేకుండా చేసి, మా చేత కూడా అమ్మించి మొత్తం ఒకే ముక్కగా చెరువులకు ఇవ్వాలని. అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు నిజమే. కాని అడగనైనా లేదు చూశారా, దానికి నాకు రోత వేస్తోంది. అన్నయ్య చెమటోడ్చి తెచ్చిన నీళ్లను సీసాలో పోసి బేరానికి పెట్టారు.

మోటారు ఆపలేదు. ఆపను.

ఈశ్వరి


గజపతినగరం,
12 మార్చి 2024

ఈశ్వరీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం రాలేదని అబద్ధమాడను. నా అర ఎకరం ఎవరికీ అమ్మను, రొయ్యలకు అసలే ఇవ్వను. గిరిని దొంగచాటుగా పంపింది నేనే, తప్పు నాది. చెప్పి పంపితే నువ్వు ‘మా అన్నయ్య నీళ్లకు పరీక్షలేమిటి’ అంటావని భయపడ్డాను.

ఆ సీసాలు, సంచులు నీటి పరీక్ష, మట్టి పరీక్ష కోసం. విజయనగరంలో గిరి స్నేహితుడి బాబాయి జగన్నాధం గారని, నేలల పరీక్ష చేసి రిటైరైన మనిషి ఉన్నాడు. ఆయన చేత చూపించాం. నీళ్లలో ఉప్పు చాలా ఎక్కువ. మట్టిలో అంతకు మించి ఉంది. గిరి ఆయనతో అన్నాడట, "మా అత్తోల సేలో జానెడు తవ్వితే తడే ఉన్నాది సార్, మరి మొక్క ఎందుకు వాడిపోతన్నాది?" అని.

ఆయన చెప్పింది గిరి నాకు చెప్పాడు, నేను నీకు రాస్తున్నాను. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తాం. తెల్లారేసరికి ముక్కలోని నీరంతా బయటికి దిగి ఊట అవుతుంది, ముక్క వడిలిపోతుంది. నీ మొక్కజొన్న వేరు పరిస్థితి అదే. చుట్టూ నీరున్నా అది పీల్చుకోలేదు, పైగా తన నీరే పోగొట్టుకుంటుంది. నువ్వు వాడిందనుకుని మళ్లీ నీళ్లు పెడతావు. ఆ నీళ్లతో మళ్లీ ఉప్పు వస్తుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది. కింద బంకమట్టి ఉండడం వల్ల దిగే దారి లేదు. ఏడాదికి ఏడాది పేరుకుని పైకి తేలింది. నువ్వు పెట్టే ప్రతి తడుపూ ఒక గుప్పెడు ఉప్పు చల్లినట్టే.

నౌపడ దగ్గర ఉప్పుమడులు బస్సులోంచి చూస్తాం కదా. మడి కట్టి, నీరు పెట్టి, ఎండబెట్టడమే వాళ్ల పని. మీరూ తెలియక అదే పని చేస్తున్నారు.

జిప్సం అనే పొడి ఉందట, కొన్ని చౌడు నేలలకు వేస్తారట. దాని సంగతి అక్కడి వ్యవసాయ శాఖ మనిషిని అడుగు. మోటారు మాత్రం ఆపు.

సుహాసిని


గెడ్డపేట,
2 జూన్ 2024

వదినకు,

మార్చి ఉత్తరానికి జవాబు రాయకపోవడానికి సిగ్గు ఒక కారణం. గిరి మీద కర్ర ఎత్తాను. వాడికి ఈసారి చెప్పండి, అత్తకు బుద్ధి లేదని. మాగాయ మాట నాకు అర్థమైంది. మా ఆయనకు చదివి వినిపిస్తే "మొక్కకీ మామిడికాయికీ ఏటి సంబందం" అన్నారు.

మీరన్న జిప్సం తెప్పించాం. ఆ శాఖ మనిషి వచ్చాడు. బూట్లు పాడవుతాయని గట్టు దిగలేదు. వేలితో అక్కడా ఇక్కడా చూపించి, "జిప్సం జల్లి బాగా నీరు పెట్టండి, కడుక్కుపోతాది" అని ఫొటో తీయించుకుని వెళ్లిపోయాడు. ఏ నీళ్లు పెట్టాలో అతను చెప్పలేదు, మేము అడగలేదు. మా దగ్గర ఉన్నవి బోరు నీళ్లే కదా. పదిహేను రోజులు రాత్రీ పగలూ పెట్టాం. కడుక్కుపోవడానికి కాలువేదీ? నీరు మడిలోనే నిలబడి, నాచు పట్టి, కుళ్లి, ఎండిపోయింది. ఇప్పుడు చేనంతా తెల్లగా ఉంది. మధ్యలో ఉన్న పచ్చ ముక్కలు కూడా పోయాయి. చేలో అడుగు పెట్టాలంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది. కుష్టు పట్టిన ఒంటిని చూసినట్టు ఉంది. నా నేలను నేనే అలా అంటున్నాను.

ఇది రాయకూడదనుకున్నాను. దాలమ్మ చోడి నారు పోసింది. మన నీళ్లతోనే. మొలకలు ఆవగింజంత వచ్చి ఎర్రబడి పడిపోయాయి. మళ్లీ పోసింది. మళ్లీ అంతే. మొన్న పొద్దున్నే వచ్చి మా గుమ్మం ముందు కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెంగు విప్పి గుప్పెడు మట్టి తీసి నా అరచేతిలో పెట్టింది.

"నాకి నీలు పెట్టు అమ్మా అని నాను అడగనేదు ఈశ్వరమ్మా" అంది. "నువ్వే ఇచ్చినావు. ఊరికే ఇచ్చినావని సంబరపడ్డాను. మా మావ ఉన్నప్పుడు ఆ సెక్కలో ఏడాదికి సరిపడా సోళ్లు అయ్యేవి. ఇప్పుడు గడ్డి కూడా రాదు. ఇంక నాను ఏటి తినీది?"

లోపలికి వెళ్లి బియ్యం తెచ్చాను. "బియ్యం వద్దు" అని లేచి వెళ్లిపోయింది. ఆ మట్టి చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడ పారేయాలో తెలియక పెరట్లో నిలబడ్డాను. దానం చేశానని ఆరేళ్లు గొప్పపడ్డాను వదినా. తలచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. మొదట్లో ఈ నీళ్లు మంచివే. మూడేళ్లు ఎంత మొక్కజొన్న పండింది, మీ ఇంటికి ఎన్ని బస్తాలు పంపాను. అన్నయ్య అన్నీ చూసుకునే వేయించి ఉంటాడు, నీళ్ల పరీక్ష చేయించకుండా దింపే మనిషి కాదు. ఆయన పోయాకే ఇవి పాడయ్యాయి. గెడ్డ వాగు అవతల కొత్తగా తవ్విన రొయ్యల చెరువు వల్లే పాడయ్యాయి. మా ఆయన, ఇంకో ఇద్దరు మొన్న వెళ్లి ఆ చెరువు పైపులు విరగ్గొట్టి వచ్చారు. కాపలావాడికి తల పగిలింది. ఇప్పుడు మా ఆయన మీద కేసు. స్టేషన్లో అన్నయ్య పేరు చెప్పి, ‘మా బావ నీళ్లు తేనెలాంటివి, మీరు విషం చేశారు’ అని అరిచారట. మేమూ కలెక్టరుకు అర్జీ పెడుతున్నాం. బోరు సొంతదారుగా మీరూ దాని మీద సంతకం చేయాలి. అప్పుడు నీళ్లు బాగుండేవని మీరు సాక్ష్యం చెబితే చాలు.

ఈశ్వరి


గజపతినగరం,
9 జూన్ 2024

ఈశ్వరీ,

ఆ అర్జీ మీద నేను సంతకం చేయలేను. నీళ్లు అప్పుడు కూడా బాగా లేవు.

ఈ ఉత్తరంతో ఒక కాగితం పెట్టాను. 2018 మే నెలది. బోరు వేసిన వారానికి మీ అన్నయ్య నీళ్లు పరీక్షకు ఇచ్చారు. ఆ కాగితం మీద కింద రాసి ఉంది చూడు, ‘నీరు పారే కాలువ, మంచి వానల ఆధారం లేని నేలలో సాగుకు పనికిరాదు’ అని. అప్పటికి ఉప్పు ఇప్పుడున్నంత లేదు, అంతే తేడా. తోడేకొద్దీ పెరుగుతుందని కూడా వాళ్లు నోటితో చెప్పారు.

ఆయన అది జేబులో పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చున్నారు. నేను చదివి, ఈశ్వరికి చెప్పండి అన్నాను.

"ఏటని సెప్పమంటావు?" అన్నారు. "నీలు పడ్డాయని ఊరంతా బూరెలు వండుకున్నారు. నన్ను బుజాల మీద ఎత్తుకున్నారు. ఇప్పుడు ఎల్లి, ఇవి పనికిరావర్రా అంటే నా మొకం ఎక్కడెట్టుకోను?"

"పొలం పాడైపోతుంది కదా" అన్నాను.

"రెండు మూడేళ్లు పండుతాది. ఈలోగా కాలవ తవ్విద్దాం, ఏదోటి సేద్దాం. నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాను. కాలువ తవ్వించలేదు. ఏటా అడిగేదాన్ని, తర్వాత అడగడం మానేశాను. తర్వాత ఆయనే పోయారు. పోయిన మనిషి పేరు మీద ఊరు దండలు వేస్తుంటే, పన్నెండో రోజున నేనా కాగితం బయటపెట్టగలనా అనుకున్నాను. పన్నెండో రోజు దాటి మూడేళ్లయింది. నువ్వు పంపిన మొక్కజొన్న పిండి చేయించుకుని తిన్నాను. టమాటాలు పక్కింటివాళ్లకు కూడా ఇచ్చాను, మా ఆడపడుచు పంపిందని. మార్చిలో మాగాయ కబుర్లు రాశాను గాని ఈ సంగతి రాయలేదు. అప్పటికీ ఆయన పేరు కాపాడుకుంటున్నాననే అనుకున్నాను. కాదు, నన్ను నేను కాపాడుకున్నాను.

మా వీధి మురుగు గురించి నీకు రాశాను కదా. దాన్ని అసహ్యించుకునే హక్కు నాకు లేదు.

చెరువువాళ్లు మంచివాళ్లని నేను చెప్పను. కాని మీ నేలను వాళ్లు పాడు చేయలేదు. కాపలావాడి తల పగిలింది నా వల్ల. ఈ కాగితం స్టేషన్లో ఇవ్వు. అవసరమైతే నేనొచ్చి చెబుతాను.

సుహాసిని


గెడ్డపేట,
15 జూన్ 2024

నీ ఉత్తరం, కాగితం అందాయి. చదివాను.

నన్ను మరదలని పిలవకు. నాకు రాయకు.

ఈశ్వరి


గజపతినగరం,
4 జూలై 2024

ఈశ్వరీ,

రాయవద్దన్నా రాయాల్సిన పని ఉంది, అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఫిబ్రవరిలో నువ్వు పంపిన దరఖాస్తు చింపేశాను. కనెక్షన్ పూర్తిగా తీసేయమని వేరే దరఖాస్తు రాసి, ఆయన మరణ పత్రం జత చేసి, కరెంటు ఆఫీసులో నేనే ఇచ్చి వచ్చాను. వాళ్లు వస్తే అడ్డుపడవద్దని అన్నయ్యకు చెప్పు.

జగన్నాధం గారిని మళ్లీ కలిశాను. బాగుపడాలంటే వాన నీరు ఒక్కటే దారట. గట్లు ఎత్తు చేసి వాన నీటిని మడిలో నిలబెట్టి, ఉప్పు కరిగాక గెడ్డలోకి వదలాలి. మళ్లీ నింపాలి, మళ్లీ వదలాలి. ఆ తర్వాత పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతకు ముందే దున్నేయాలి. రెండు మూడు వానాకాలాలు పడుతుంది, పూర్తిగా పోతుందని కూడా ఆయన అనలేదు. నీ చేనుకీ గెడ్డకీ మధ్య ఉన్నది నా అర ఎకరమే. దాంట్లోంచి ఎంత వెడల్పు కావాలంటే అంత కాలువ తవ్వుకో. ఒప్పుకుంటున్నట్టు రాసి, సంతకం చేసి, కింద జత చేశాను.

సుహాసిని


గెడ్డపేట,
28 సెప్టెంబరు 2024

వదినా,

మీరు అని రాయడానికి చేయి ఒప్పుకోవడం లేదు. నువ్వు అనే రాస్తాను. ఎవరో ఒకరు జరిగింది నీకు చెప్పాలి, వేరేవాళ్లు చెబితే అందంగా చేసి చెబుతారు.

నీ కాగితం చదివిన రోజు అన్నం వండలేదు. మా ఆయనకు చూపిస్తే చదివి, బయటికి వెళ్లి గొడ్ల చావిట్లో కూర్చున్నారు. "బావ అలాటోడు కాడు" అన్నారు ఒకసారి. కాసేపయ్యాక మళ్లీ అన్నారు. మూడోసారి అనలేదు. మర్నాడు తనే కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లారు. ఆ కాపలావాడు ఒడిశా వైపు మనిషి, ఈశ్వర్ అని పేరు. వాడి కాళ్లకు మొక్కారు. వాడు వెనక్కి జరిగిపోయాడట. రాజీ అయింది. పైపులు మేమే వేయించాం.

తర్వాత ఊరికి చెప్పాలి. చెప్పవద్దన్నారు మా ఆయన. నేను ఆదివారం పొద్దున్న పంపు షెడ్డు దగ్గరికి అందరినీ పిలిచి ఆ కాగితం పైకి చదివాను. నాకు నా గొంతే సరిగా వినపడదు కదా, ఎంత గట్టిగా చదివానో తెలియదు. చదవడం అయ్యాక చూస్తే అందరి మొహాలూ నా మీదే చిరాగ్గా ఉన్నాయి. అన్నయ్య మీద కాదు.

సర్పంచి మావ దగ్గరకొచ్చి నా ఎడమ చెవి పక్కన అన్నాడు, "సచ్చిపోయినోడి మీద ఇప్పుడు ఈ కాయితం ఏటమ్మా. తోడబుట్టినోడు. నీకు నోరెలాగొచ్చినాది?"

"మరి దాలమ్మకి నోట్లోకి ఏటి ఎల్తాది మావా?" అన్నాను.

ఇద్దరు ముగ్గురు అప్పుడే మోటారు తమ చేలకు ఇప్పించమని అడిగారు. ‘మాకు రెండేళ్లు పండినా సాలు’ అన్నారు. అన్నయ్య అన్న మాటే. షెడ్డు వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను. ఆ మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ నేనే విప్పాను. ఎవరూ పట్టలేదు, ఎవరూ ఆపలేదు. ఎరువుల గుంట మీద కప్పడానికి పనికొచ్చింది. కరెంటువాళ్లు వచ్చి తీగ కోసుకుపోయారు. బోరు గొట్టంలో రాళ్లు పోసి మూత బిగించాం.

జూలై వానలు బాగా పడ్డాయి. నీ అర ఎకరంలోంచి కాలువ తవ్వాం. మడి నింపి నాలుగు రోజులు ఉంచి వదిలితే తెల్లటి నురగతో గెడ్డలోకి దిగింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే పచ్చి ఉప్పు. అంత ఉప్పు నా చేతులతో పోశానా అనిపించింది. ఉమ్మేసి మళ్లీ మడి నింపాం. ఇప్పటికి అయిదుసార్లు. దాలమ్మ ముక్క కూడా అలాగే కడుగుతున్నాం.

ఆవిడ ఇంటికి వెళ్లాను. గట్టు పైన ఎత్తులో నాకున్న నలభై సెంట్లకు బోరు నీళ్లు ఎప్పుడూ ఎక్కలేదు. ‘నీ ముక్క బాగయ్యేదాకా ఆ నలభై నువ్వు చేసుకో’ అని ఆవిడతో అన్నాను.

"ఊరికేనా?" అంది.

"ఊరికే కాదు. నీ బూమి నాను పాడు సేసినాను గనక."

"అలాగయితే సేత్తాను" అంది. చోడి వేసింది. చేయెత్తు వచ్చింది. వెన్ను తీస్తోంది. నేనటు వెళ్తే పలకరిస్తుంది, కూర్చోమనదు.

మా చేలో ఆగస్టు చివర జీలుగ చల్లాం. సగం చోట మొలిచింది. తక్కిన సగం ఇంకా బోడిగా, తెల్లగా ఉంది. ఈ ఏడు దానికింతే. నేను రోజూ చూసి రోజూ అసహ్యించుకుంటున్నాను. కాని వెళ్లకుండా ఉండడం లేదు.

ఇంక నీ సంగతి. క్షమించానని రాయమని మా ఆయన అంటున్నారు. క్షమించలేదు. నీ పేరు తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది. అన్నయ్య మీద కన్నా నీ మీదే ఎక్కువ, ఎందుకంటే ఆయన ఊరిని చూసి భయపడ్డాడు, నువ్వు నన్ను చూసి భయపడ్డావు. నన్ను చూసి భయపడాల్సిన పనేమిటి నీకు? కర్ర ఎత్తుతానేమో గాని కొట్టనని గిరికి కూడా తెలుసు.

నీ ముక్కలో కాలువ రెండుచోట్ల ఒండ్రు దిగి పూడుతోంది. మా వైపు మేము తీసుకున్నాం. నీ వైపు కూలీలను పెట్టి తీయించను. నువ్వే రావాలి. మోకాళ్లు నొప్పులంటే కూర్చుని తియ్యి, గట్టు మీద నేను తట్ట అందుకుంటాను. దసరా సెలవులకు గిరి తీసుకొస్తాడు.

ఆటో దిగాక తిన్నగా మా ఇంటికి రావద్దు. ముందు దాలమ్మ ఇంటికి వెళ్లు. నువ్వెవరివో, నీకేం తెలుసో, ఎప్పటినుంచి తెలుసో ఆవిడకు నీ నోటితో చెప్పు. ఆవిడ ఏమంటే అది విను. ఆ తర్వాత నడుచుకుంటూ రా, అన్నం వండి ఉంచుతాను.

ఈశ్వరి